అప్‌డేట్: పాత కారు మిస్‌ఫైర్, సైలెన్సర్‌లో టపటపల సంగతి తేలింది

2.4 లక్షల కిలోమీటర్లు తిరిగిన నా పెట్రోల్ కారు ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో వణుకుతోందని, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపా పేలుతోందని, పి0302 కోడ్ (రెండో సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా మండట్లేదని, అంటే మిస్‌ఫైర్ అని కారు కంప్యూటర్ ఇచ్చే సంకేతం) వస్తోందని ఇంతకుముందు ఇక్కడ రాశాను కదా. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

ముందు, మీలో ఒకరు చెప్పినట్టు రెండో సిలిండర్ కాయిల్‌ను (ప్లగ్గుకి స్పార్క్ కోసం కరెంటు ఇచ్చేది) మూడోదానికి మార్చి చూశాను. కోడ్ రెండులోనే ఉండిపోయింది. అంటే కాయిల్ తప్పు కాదు. అప్పటికే కొత్త ప్లగ్గులు, ఫ్యూయల్ ఫిల్టర్ వేయించేశాను, అది వేరే బాధ.

కంప్రెషన్ టెస్టే (ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి వస్తోందో కొలవడం) అసలు గుట్టు విప్పింది. మిగతా మూడూ 165 పీఎస్ఐ దగ్గరుంటే రెండోది 95. పిస్టన్ రింగుల దగ్గర లీకైతే ఆయిల్ ఆ సందు మూసి ఒత్తిడి పెరగాలి. ఆ సిలిండర్‌లో కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూసినా పెరగలేదు, కాబట్టి రింగులు కావు. మెకానిక్ ఆ సిలిండర్‌లోకి గాలి ఎక్కించి, సైలెన్సర్ గొట్టం దగ్గర చెవి పెట్టమన్నాడు. స్స్‌మని స్పష్టంగా వినిపించింది. అంటే పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగ్గా మూసుకోవట్లేదు! వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే సీటు అరిగి, క్లియరెన్స్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సన్నని సందు) దాదాపు సున్నాకు వచ్చేసింది. వేడికి వాల్వ్ సాగితే పూర్తిగా మూసుకోదు, కాలని మిశ్రమం సైలెన్సర్‌లోకి పోయి అక్కడ పేలుతోంది.

అదృష్టం, వాల్వ్ ఇంకా కాలిపోలేదు. క్లియరెన్స్ సరిచేశాక కంప్రెషన్ 155కి వచ్చింది. మూడు వారాలైంది, కోడ్ మళ్లీ రాలేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాకే మిస్ అవుతుంటే, పార్టులు కొనేముందు కంప్రెషన్ చూపించండి.