తమ్ముడు కువైట్ పోతాండాడు, వానికి పాటలు ఏరి ఇయ్యాల.. సొంతంగా పాడుకునేటోళ్ల పాటలు యాడ కొనాల?

మిద్దిమీద_రేడియో (అనంతపురం):
అన్నలారా ఒక డౌటు. మా చిన్నాయన కొడుకు వచ్చే నెల కువైట్ పోతాండాడు, డ్రైవర్ పనికి. చిన్నప్పట్నుంచి ఇద్దరం ఒకే మిద్ది మింద పండుకోని పాటలు ఇన్నోళ్లం, అందుకని వానికి ఒక పెన్‌డ్రైవ్ నిండా.. నిండా అంటే నిండా గాదు, ఒక ఇరవై పాటలు ఏరి ఇద్దామని. సినిమా పాటలు వానికి యాడైనా దొరుకుతాయి, నేను అనుకున్నేటివి ఏ కంపెనీ లేకుండా సొంతంగా రాసుకోని పాడుకునేటోళ్లవి, ఇంకా మా తట్టు చెక్కభజన, పీర్ల పండగ పాటలు ఎవరో ఫోన్లో తీసి పెట్టినేటివి. యూట్యూబ్ నుంచి లాగేస్తే రెండు నిమిషాల పని, కానీ మనసొప్పలా. ఆ పాడినోనికి 300 వ్యూస్ గూడా లేవు, వాని పాట ఊరికే లాక్కోని ఇంగొకనికి బహుమానం ఇచ్చేది ఏం న్యాయం? దుడ్లు ఇద్దామంటే ఎట్ల ఇయ్యాలో తెలీదు. ఫ్రెండ్సేమో ప్లేలిస్ట్ లింకు పంపుపోరా చాలు అంటాండారు, అది నాకి నచ్చలా, ఎందుకో చెప్పలేను.

బురుజుకింద_బాబాయ్ (కర్నూలు):
లింకు పంపితే వాడు మొదటి పాట ఇని మూసేస్తాడు, అందుకే నచ్చలా నీకు. మా కాలంలో లిస్టు కాగితం మీద రాసి రికార్డింగ్ అంగడోనికి ఇస్తే వారం తిప్పించుకునేటోడు. సి-60 క్యాసెట్ అంటే పక్కకి 30 నిమిషాలు, సి-90 అంటే 45. ఆశపడి సి-90 కొంటే టేపు పల్చగా ఉంటాది, మా ఇంట్లో టేపురికార్డర్ దాన్ని నమిలి మింగేది, పెన్సిలు దూర్చి తిప్పీ తిప్పీ వేళ్లు నొప్పులు. పక్క చివర్లో పాట చరణం మధ్యలో తెగిపోకూడదని నిమిషాలు సెకండ్లు కూడికలు వేసుకుంటాంటి, లెక్కల పరీక్షకి గూడా అంత కష్టపడలేదు. అయిపోయినాక క్యాసెట్ పైన రెండు ప్లాస్టిక్ పలుకులు ఇరగ్గొట్టాల, లేకుంటే దాని మీదనే ఇంగోటి రికార్డ్ చేసేస్తారు. నేను మర్చిపోయినా ఒకసారి, మా అక్క చంటిపిల్లోని ఏడుపు రికార్డ్ చేసి పెట్టింది. ఆ పిల్లోడు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం, టేపు మాత్రం నా దగ్గరే ఉంది.
నా మాట ఇని ఇరవై అని పట్టుకోవద్దు, ఒక గంట అని పెట్టుకో. చోటు తక్కువుంటేనే ఏది తీసెయ్యాలో తెలుస్తాది. పొద్దున బండి తీసేటప్పుడు సగం, రాత్రి రూముకి వచ్చేటప్పుడు సగం అనుకో, అదే నీకు రెండు పక్కలు.

పెద్దదర్గా_వీధి (కడప):
కువైట్ అంటివి గాబట్టి చెప్తాండా. మా నాయన ఆడున్నప్పుడు ఇంట్లో ఫోన్ లేదు, ఎవరన్నా పోతాంటే వాళ్ల చేత క్యాసెట్ పంపేది మా అమ్మ. ఒక పక్కంతా ఆమె మాటలు, ఇంటి పన్ను ఎంత కట్టింది, ఎనుము ఈనింది, అన్నీ. రెండో పక్క పాటలు. నాయన పాటల పక్క ఒక్కసారన్నా ఇన్నాడో లేదో, మాటల పక్క మాత్రం అరిగిపోయింది. నువ్వు పాటకీ పాటకీ మధ్యన రెండు ముక్కలు మాట్లాడి పెట్టు అబ్బీ, ఈ పాట ఎవరిది, నాకెట్ల దొరికింది అని. పాడినోని పేరు గూడా వాని చెవిన పడతాది.

గిటారు_గొరవయ్య (ప్రొద్దుటూరు):
పాటలు చేసేటోణ్ణి, దుడ్ల సంగతి నేను చెప్తా. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాట 12 నెలల్లో కనీసం 1000 సార్లు మోగకుంటే ఆ పాటకి ఒక్క పైసా రాదు. నావి చానా అట్లాటివే, కాబట్టి 'రోజూ ఇంటున్నాలే అన్నా' అంటే సంతోషమే గానీ టీకి రాదు. బ్యాండ్‌క్యాంప్ అని పాడినోళ్లే నేరుగా పాటలు అమ్ముకునే సైటు ఉంది, దాంట్లో ఉన్నోళ్లవైతే ఆడ కొను, ఫైలు నీదైపోతాది, డౌన్‌లోడ్ మీద సైటోళ్ల వాటా 15 శాతం, పేమెంట్ ఛార్జీలు కొంచెం పోతాయి, మిగతాది పాడినోనికే. పెట్టిన రేటు కంటే ఎక్కువ గూడా ఇయ్యొచ్చు. 2020లో కరోనా టైంలో బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని మొదలుపెట్టినారు, ఆ రోజు వాళ్ల వాటా వదిలేస్తారు, నీకు టైముంటే ఆ రోజు చూసుకో. ఆడ లేనోళ్లకి నేరుగా మెసేజ్ పెట్టి యూపీఐ అడుగు, ఎవరూ ఏమనుకోరు. నాకొకాయన 100 రూపాయలు కొట్టి 'మా అమ్మకి ఇనిపించినా' అని రాసినాడు, ఆ స్క్రీన్‌షాట్ ఇంగా దాచుకున్నా.
చెక్కభజనతో ఒక చిక్కుంది. ఛానెల్ పెట్టినోడు వేరే, పాడినోడు వేరే. వీడియోకి ఏమన్నా వచ్చినా అప్‌లోడ్ చేసినోనికే పోతాది, పాడిన గురువుకి తెలియను గూడా తెలీదు. ఊరు కనుక్కోని పో, లేదా మీ ఊరి తిరునాళ్లకి పిలిపించి సరిగా దుడ్లిచ్చి పాడించండి. ఇంగోటి, తమ్మునికి ఒక్కనికే ఇయ్యి, కొన్నాను కదా అని ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పడెయ్యొద్దు సామీ.

యూఎస్‌బీ_సుబ్బడు:
పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చెయ్యి, పాత కారు సెట్లు వేరేది చదవవు. ఫ్లాక్ అంటే పెద్ద సైజు ఫైళ్లు, అవి వద్దు, ఎంపీత్రీ 320 క్వాలిటీ చాలు. పేర్ల ముందర 01 02 అని పెట్టు లేకుంటే వరస అంతా ఖరాబు. ఫోన్లో తీసినేటివి సౌండు తక్కువుంటాయి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో సమానం చేసుకో, ఫ్రీనే.

మిద్దిమీద_రేడియో (అనంతపురం):
అందరికీ థాంక్స్. 17 పాటలు, 58 నిమిషాలు. ఆరు బ్యాండ్‌క్యాంప్‌లో కొన్నా, నా డెబిట్ కార్డు రెండుసార్లు ఫెయిలయింది, ఇంటర్నేషనల్ ఆన్ చేసుకోలా అంతే. నలుగురికి యూపీఐ కొట్టినా, మిగతావి పాడినోళ్లే ఊరికే తీసుకోమని పెట్టినేటివి. చెక్కభజన గురువుది నార్పల తట్టు పల్లె, ఆదివారం బండేసుకోని పోయినా. 500 ఇస్తే తీసుకోలా. ఆయన పాట ఆయన దగ్గరే లేదంట, మనవని ఫోన్లో ఉన్నింది ఫోనుతో పాటే పోయిందంట, దుడ్లొద్దు నాకీ ఒకటి ఎక్కించియ్యి నాయనా అన్యాడు. ఇంగో పెన్‌డ్రైవ్ కొన్నా, 500 మనవని చేతిలో పెట్టొచ్చినా.
మాటలు రికార్డ్ చేసేదే మిగిలింది. మూడు రాత్రుల్నుంచి మిద్దెక్కుతాండా, మొదలుపెట్టంగానే గొంతు పట్టేస్తాంది, దానికి తోడు కింద కుక్కలు. వాడు పోయేది 14న.