థైమస్‌లో టి కణాల ఎదుగుదలకు ఆక్టిన్ ఎందుకు కావాలి?

ప్రశ్న – కావలి, ఎమ్మెస్సీ జంతుశాస్త్ర విద్యార్థిని
అందరికీ నమస్కారం. కణపంజరం (కణం లోపల ఆక్టిన్ వంటి ప్రోటీన్ పోగుల అల్లిక) ఇంటి వాసాల వంటిదని, కణానికి ఆకారమివ్వటమే దాని పని అని డిగ్రీలో చదువుకున్నాను. ఇప్పుడు పాఠంలో విస్కాట్-ఆల్డ్రిచ్ వ్యాధి వచ్చింది. వాస్ప్ అనే ఒక్క ప్రోటీన్ లోపిస్తే మగపిల్లలకు ఎగ్జిమా, రక్తస్రావం, తరచూ ఇన్ఫెక్షన్లు వస్తాయట. ఈ లోపం రోగనిరోధక కణాలు ఎదిగే దశలోనే దెబ్బతీస్తుందా, ఎదిగిన తరువాత వాటి పనిని మాత్రమే చెడగొడుతుందా?

జవాబు – ఒంగోలు, విశ్రాంత అధ్యాపకుడు
అమ్మా, చిక్కంతా ఆ వాసాల పోలికలోనే ఉంది. వాసాలు ఒకసారి వేస్తే తరాలు నిలుస్తాయి. ఆక్టిన్ పోగులు రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు ఒడ్డున వేసే పందిళ్ల వంటివి. అవసరమైన చోట లేస్తాయి, పని తీరగానే విప్పేస్తారు, అవే గుంజలు మరోచోటికి పోతాయి. సీడీసీ42 అనే సంకేత ప్రోటీన్ నుంచి కబురు అందగానే వాస్ప్ మేల్కొని, ఆర్ప్2/3 అనే ప్రోటీన్ల సముదాయం చేత పాత పోగు పక్కన కొత్త కొమ్మ వేయిస్తుంది.

ఎముక మజ్జ నుంచి థైమస్‌కు, అంటే టి కణాలనే రోగనిరోధక కణాలు తయారయ్యే ఛాతీలోని గ్రంథికి, చేరిన కణం ఒకచోట కూర్చుని ఎదగదు. అది వల్కలం (థైమస్ వెలుపలి భాగం) నుంచి లోపలి భాగానికి నడుస్తూ, దారిలోని కణాలను తాకుతూ పరీక్షకు నిలబడుతుంది. ఆ నడకకూ, ఆ స్పర్శకూ ఆక్టినే ఆధారం. అయితే ఎలుకల్లో వాస్ప్ ఒక్కదాన్నే తొలగిస్తే థైమస్‌కు జరిగే నష్టం స్వల్పమే. దాని దాయాది ఎన్-వాస్ప్‌ను కూడా తీసేస్తేనే ఎదుగుదల బాగా కుంటుపడుతుంది. ఆక్టిన్ పోగులను సర్దే కొరోనిన్-1ఏ ప్రోటీన్ లోపించిన ఎలుకల కథ వేరు: టి కణాలు తయారవుతాయి గానీ థైమస్ గడప దాటలేక తడబడతాయి.

మీ ప్రశ్నకు నాకు నచ్చిన సాక్ష్యం తల్లి రక్తంలో ఉంది. స్త్రీల ప్రతి కణంలో రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి యాదృచ్ఛికంగా మూతపడుతుంది. వాస్ప్ జన్యువు ఉండేది ఎక్స్ మీదే; దాని లోపాన్ని ఒక ఎక్స్‌లో మోసే తల్లుల్లో మాత్రం రక్తకణాలన్నీ దాదాపుగా మంచి ఎక్స్‌నే వాడుకుంటాయి, మజ్జలోని మూలకణాల స్థాయి నుంచే. వాస్ప్ లేని కణాలు అంత తొలిదశలోనే పోటీలో వెనకబడతాయన్నమాట.

జవాబు – నెల్లూరు, ల్యాబ్ టెక్నీషియన్
మన వైపు ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే డెంగీ అనుకోవటం అలవాటైపోయింది. పసి మగబిడ్డకు ఆ సంఖ్య ఎప్పుడూ తక్కువగానే ఉంటుంటే, రిపోర్టులో సగటు పరిమాణం కూడా చూడాలి. సాధారణంగా 7 నుంచి 11 ఫెమ్టోలీటర్లు ఉండే ప్లేట్‌లెట్ ఈ వ్యాధిలో బాగా చిన్నదిగా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు గురువుగారూ. డాక్8 అనే ప్రోటీన్ లోపం కూడా ఇటువంటిదేనా?

జవాబు – ఒంగోలు
దగ్గరిదే. సీడీసీ42ను మేల్కొలిపేది ఆ డాక్8. అది లేని టి కణాలు చర్మంలోని ఇరుకు సందుల్లో దూరేటప్పుడు పట్టు తప్పి, సాగి సాగి తెగిపోతాయి. అందుకే ఆ పిల్లల చర్మం మీద వైరస్ పుండ్లు మొండికేస్తాయి. కాబట్టి డాక్8 లోపాన్ని ఎదుగుదల లోపం కింద కాక, ఎదిగిన తరువాత వచ్చే నష్టం కింద రాసుకోండి.