ఉద్యోగం చేసుకుంటూ ఐరిష్ నేర్చుకోవడం: సాయంకాలపు తరగతుల్లో మీ అనుభవాలు చెప్పండి

లిఫీ ఒడ్డు:
మేము డబ్లిన్‌కు వచ్చి ఆరేళ్లయింది. మా అమ్మాయి బడిలో ఐరిష్ తప్పనిసరి పాఠం. హోంవర్క్ చేయించడానికి కూర్చున్న ప్రతిసారీ, పుస్తకంలోని అక్షరాలకూ అది చదివే శబ్దాలకూ పొంతన తెలియక నేనే బిక్కమొహం వేస్తున్నాను. వారానికి ఒక సాయంత్రం రెండేసి గంటలు, పది వారాలు సాగే ప్రారంభ తరగతి ఒకటి చూశాను. నలభై దాటాక ఇంతమాత్రం సమయంతో ఏమైనా వస్తుందా?

కార్క్ కాపురం:
వస్తుందండీ, ఇంగ్లీషును పక్కనపెట్టి తెలుగును ఆసరా చేసుకుంటే ఇంకా త్వరగా వస్తుంది. ఐరిష్‌లో "అవును", "కాదు" అనే మాటలు లేవు, "అర్థమవుతోందా?" అంటే "తిగిమ్" అని క్రియతోనే బదులివ్వాలి, మనం ఇంట్లో "అవుతోంది" అన్నట్టే. పుస్తకం "నా దగ్గర ఉంది" అనే అంటారు. మనుషులను లెక్కపెట్టడానికి బెర్చ్, ట్రూర్ అని వేరే మాటలున్నాయి, మన ఇద్దరు, ముగ్గురు లాగానే.

అందరినీ హడలెత్తించే "ఉరూ" అనే మార్పు మనకు పాత చుట్టమే. "లో" అనే అర్థమిచ్చే "ఇ" ముందు చేరితే, కార్క్ నగరం పేరైన "కొర్కిగ్" కాస్తా "ఇ గొర్కిగ్" అవుతుంది, పారిస్ పేరైన "పారస్" కాస్తా "ఇ బారస్" అవుతుంది. ఒకప్పుడు ముందు మాట చివర ఉన్న అనునాసికమే దీనికి కారణం. పూచెను, కలువలు కలిస్తే "పూచెఁ గలువలు" అని బడిలో వల్లించిన సరళాదేశ సంధి గుర్తుందా? అక్కడా ద్రుతపు నకారం మీద పరుషం సరళమైంది. తేడా ఏమిటంటే వారు రాతలో పాత అక్షరాన్ని తీసేయకుండా దాని ముందు కొత్తదాన్ని చేరుస్తారు. మిమ్మల్ని తికమకపెడుతున్న అక్షరాల్లో కొన్ని అవే కావచ్చు.

గాల్వే వాన:
పై మాటలతో ఏకీభవిస్తాను గానీ, పోలికలు కొంతవరకే. మన వాక్యంలో చివరకు వచ్చే క్రియ అక్కడ మొదటే వస్తుంది. నాకది నోటికి అలవాటు కావడానికి ఏడాది పట్టింది. పైగా మాండలికాలు మూడు. "ఎలా ఉన్నారు?" అనడానికి దక్షిణాన మన్‌స్టర్ ప్రాంతంలో "కొనస్ అతా తూ", ఇక్కడ పశ్చిమాన కొనాక్ట్‌లో "కేన్ ఖీ విల్ తూ", ఉత్తరాన అల్‌స్టర్‌లో "కజే మర్ తా తూ" అంటారు. నా మొదటి తరగతిలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. రేడియో పెడితే ఒక్క ముక్కా అర్థంకాక, నేర్చుకున్నదంతా తప్పేమోనని దిగులుపడ్డాను. చేరేముందే ఏ మాండలికం నేర్పుతారో అడగండి.

లిఫీ ఒడ్డు:
ధన్యవాదాలండీ. తరగతి లేని ఆరు రోజులూ ఏం చేసేవారు?

గాల్వే వాన:
ఐరిష్‌లో కార్యక్రమాలు వేసే టీజీ4 టీవీ ఛానల్ చూసేదాన్ని. ఐరిష్ భాషను ప్రోత్సహించడానికి 1893లో పుట్టిన కొన్రా న గేల్గే సంస్థ శాఖల్లోనూ గ్రంథాలయాల్లోనూ మాట్లాడుకునే కూటములు జరుగుతాయి, వాటికి వెళ్లేదాన్ని. డోనెగాల్‌లోని గ్లెన్‌కొలంకిల్‌లో ఇడెస్ గేల్ అనే సంస్థ 1984 నుంచి పెద్దవారికి ఐరిష్ కోర్సులు నడుపుతోంది. సెలవు దొరికితే ఒక వారం వెళ్లండి. నేను మాత్రం అక్కడ మొదటి రెండు రోజులు టీ అడగడానికి కూడా నోరు విప్పలేదు.