రిస్ట్రెయింట్ అంటే నిర్బంధమేనా?

మిర్యాలగూడ మిత్రులు మంచి ప్రశ్న అడిగారు. పోలీసు కాగితాల్లో ‘రాంగ్‌ఫుల్ రిస్ట్రెయింట్’ అని ఉంటే వార్తలో ‘అక్రమ నిర్బంధం’ అని రాయవచ్చా? రాయకూడదనే అంటాను. నిర్బంధం అన్న మాట చట్టంలో దాని పక్క సెక్షన్‌లో ఉన్న కన్‌ఫైన్‌మెంట్‌ది.

1860 నాటి శిక్షాస్మృతి 339వ సెక్షన్‌లోని ఉదాహరణ చూడండి. ఒకరికి నడిచే హక్కున్న బాటను మరొకరు మూసివేస్తారు. దాన్ని మూసే హక్కు తనకు ఉందన్న నమ్మకమూ మూసినవాడికి ఉండదు. సాగర్ ఎడమ కాలువ కింద వరి కోతలప్పుడు మనం చూసే తగాదా ఇదే. అందరూ నడిచే బండ్లబాటకు అడ్డంగా ఎవరో తుమ్మకంప వేస్తారు. కోత మిషను అక్కడే ఆగిపోతుంది. అవతలి రైతు వెనక్కి వెళ్లవచ్చు, ఊరంతా తిరగవచ్చు, తన పొలానికి మాత్రం పోలేడు. రిస్ట్రెయింట్ అంటే అంతే.

340వ సెక్షన్‌లో అలా కాదు. మనిషిని గోడల మధ్యకు పంపి తాళం వేస్తారు. ఆ హద్దు దాటి ఎటూ వెళ్లలేడు. అది నిర్బంధం. మొదటిదానికి గరిష్ఠంగా నెల జైలు, రెండోదానికి ఏడాది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవి 126, 127 సెక్షన్లయ్యాయి. తేడా అలాగే ఉంది. కంప వేసినవాడిని మనిషిని గదిలో పెట్టి తాళం వేసినవాడిగా ఊరికి చూపడం అన్యాయం. తప్పు చేసినవాడికైనా చేసిన తప్పు పేరే పెట్టాలి.

లాటిన్ మూలంలో రిస్ట్రెయింట్ అన్న మాటకు బిగించి వెనక్కి లాగడమని అర్థం. స్ట్రిక్ట్ అనే మాటా అక్కడిదే. ఎద్దును ముకుతాడుతో నిలవరించడం వేరు, బందెలదొడ్డిలో పెట్టడం వేరు కదా!

రిస్ట్రెయింట్‌ను మనసు విషయంలో వాడితే నిగ్రహం, సంయమనం ఎలాగూ ఉన్నాయి. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెల్లవని చెప్పే ఒప్పందాల విషయంలో ఈ మాటకు ‘కట్టడి’ చక్కగా అతుకుతుంది. వృత్తి, వ్యాపారం చేసుకోకుండా కట్టడి చేసే ఒప్పందాలవి.

బాట విషయంలో మాత్రం ‘అక్రమంగా అడ్డగించడం’ అని రాస్తే చదివినవారికి జరిగింది కళ్లకు కడుతుంది. ‘అటకాయించడం’ నాకు ఇంకా ఇష్టం, కానీ అది దారిన పోయే మనిషిని ఎదురుగా నిలిచి ఆపినప్పుడే సరిగ్గా పలుకుతుంది. కంప వేసి ఇంటికి వెళ్లిపోయినవాడికి అది నప్పదు. అచ్చంపేట, కొల్లాపూర్ వైపు బాటను ఇలా మూసివేయడాన్ని ఏమంటారో అక్కడి మిత్రులు చెప్పాలి.