అప్‌డేట్: అన్నయ్యతో ఇంటి వాటా తగాదా తేలింది

నాన్నగారి ఇంట్లో వాటా కోసం నేను వేసిన దావాను కోర్టు మధ్యవర్తిత్వానికి పంపింది, వెళ్లమంటారా అని అడిగాను కదా. వెళ్లాను. మూడుసార్లు కూర్చున్నాం. మొదటి రోజు అన్నయ్య నా ముఖం కూడా చూడలేదు. మధ్యవర్తి తీర్పేమీ చెప్పలేదు, ఇద్దరితో విడివిడిగా మాట్లాడారు. నాన్నగారి ఆసుపత్రి ఖర్చు తానొక్కడే భరించానన్నదే అన్నయ్య బాధ అని అప్పుడు తెలిసింది. ఆ సంగతి నేను ఏనాడూ అడగలేదు. అందులో సగం నా వాటాలో తగ్గించుకోమన్నాను. ఇల్లు అన్నయ్యకు, నాకు డబ్బు.

ఒప్పందాన్ని లోక్ అదాలత్‌లో (రాజీతో కేసులు తేల్చే వేదిక) అవార్డుగా, అంటే రాజీ ఉత్తర్వుగా రాయించుకున్నాం. అది సివిల్ కోర్టు ఇచ్చే డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానం, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. కానీ అప్పీలు ఉండదు. అందుకే సంతకానికి ముందు ప్రతి వాక్యాన్నీ వకీలుతో చదివించుకోండి.

సంక్రాంతికి రమ్మని వదిన ఫోను చేశారు. పిల్లలతో వెళ్తున్నాం.