పట్టా చేన్లో కలివి కోడి కూత విన్నట్టుంది, జేసీబీని ఆపాలా?

బద్వేలు_రైతు:
మాది లంకమల కొండల కింద పల్లె. నాయన పేరు మీద మూడెకరాల పట్టా ఉండాది, ఏండ్లుగా బీడే. కలివి పొదలు, రేగు కంప, మధ్యలో ఎర్ర గరుసు నేల. నిమ్మ చెట్లు పెడదామని జేసీబీకి అడ్వాన్సు ఇచ్చినా. మొన్న హద్దురాళ్ళు చూసుకుంటా ఉండంగానే పొద్దుగూకింది. బాగా చీకటి పడినాక పొదల అవతల ఏదో కూసింది. రెండు ముక్కల కూత, ‘ట్విక్‌టూ ట్విక్‌టూ’ అని ఏడెనిమిది సార్లు. మళ్ళీ చప్పుడు లేదు. తీతువు కాదు, దాన్ని చిన్నప్పటి నుంచి ఎరుగుదును, అది మనిషి కనపడితే నెత్తిన తిరుగుతా అరుస్తాది.

ఇంటికొచ్చి అట్లనే కూసి వినిపిస్తే మా అబ్బ మంచం మీద లేచి కూర్చున్నాడు. ‘కలివి కోడి రా. మేకలు తోలుకొచ్చేటప్పుడు వినేవాళ్ళం’ అన్నాడు. అది చానా అరుదైన పిట్టంట. శుక్రవారం బండి వస్తాది. ఏం చేయమంటారు?

అనంత_పక్షులు:
అన్నా, లొకేషన్ పెట్టండి! స్పీకర్ తీసుకుని రేపే వస్తాం, కూత ప్లే చేస్తే బదులిస్తుంది కదా.

సిద్ధవటం_కాపలా:
తమ్ముడూ, లొకేషన్ ఇక్కడ పెట్టొద్దు. ఎవరడిగినా పెట్టొద్దు. అటవీశాఖ వాళ్ళకు మాత్రం రేపు పొద్దున్నే చెప్పు.

నేను ఈ పిట్ట సర్వేల్లో చాన్నాళ్ళు కూలికి పోయినా. పొద్దుగూకినాక ముక్కాలు గంటకు మొదలుపెడతాది, కొన్ని నిమిషాలు కూసి ఊరుకుంటాది. నువ్వు చెప్పిన వేళ సరిపోయింది. అయినా చెవి ఒక్కటే నమ్మితే చాలదు, ఫోన్లో రికార్డు చేయి. మేం పొదల మధ్య సందుల్లో జల్లించిన మెత్తటి మన్ను పట్టీల్లాగ పరిచి, తెల్లారి పోయి అడుగులు చూసేవాళ్ళం. దీని అడుగుకు ముందు మూడు వేళ్ళే, వెనక వేలు ఉండదు. కౌజు, నెమలి తొక్కితే వెనక వేలి గుర్తు పడతాది. మన్ను మీద ఒంగి ఆ మూడు గీతలు చూసిన రోజు నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

పిట్టను కళ్ళతో చూసింది ఒక్కసారే. టార్చి వెలుగులో పొద మొదట్లో నిలబడిపోయింది. పెద్ద కళ్ళు, కంటి మీద తెల్లటి గీత, రొమ్ము మీద రెండు వరసల గొలుసు వేసినట్టు గోధుమరంగు పట్టీలు. ఎగరలేదు, పరిగెత్తి పొదల్లోకి పోయింది.

1900లో అనంతపురం దగ్గర కనపడినాక ఈ జాతే పోయిందనుకున్నారు. 1986 జనవరిలో మన రెడ్డిపల్లె దగ్గర ఊరి వేటగాడు ఒకాయన రాత్రిపూట ప్రాణంతో పట్టినాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతికిస్తా ఉన్నారు అప్పటికే. పక్షుల శాస్త్రవేత్త సాలిం అలీ అంతటాయన చూడాలని వచ్చేలోపల అది చచ్చిపోయింది. అందుకే చెప్తున్నా, పట్టుకోవాలని, ఫోటో తీయాలని ఎవరూ పోవద్దు. 1988లో లంకమలను అభయారణ్యం చేసిందీ, తరవాత తెలుగుగంగ కాలువ దారి మార్చిందీ ఈ పిట్ట కోసమే.

అనంత తమ్ముడూ, కోపం తెచ్చుకోవద్దు. స్పీకరు పెట్టి పదేపదే కూయిస్తే అది తన జాగాలోకి ఇంకో పిట్ట వచ్చిందనుకుంటాది. మేత మానుకుని అటే పోతాది.

అనంత_పక్షులు:
తప్పే అన్నా, తొందరపడ్డాను. చాలా ఏళ్ళు దాని జాడే లేక 2025లో మళ్ళీ కూత రికార్డయిందని చదివినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. రాను.

పోరుమామిళ్ళ_టీచరమ్మ:
మరి ఆ చేన్లోకి మేకలు కూడా పోకుండా కంచె వేయాలా అన్నా? పిల్లలకు చెప్పాలి, మా బడిలో సగం మంది ఇళ్ళలో మేకలే.

సిద్ధవటం_కాపలా:
వద్దు తల్లీ, అందరూ ఇక్కడే పొరబడతారు. దీనికి చిట్టడివీ పనికిరాదు, బోడినేలా పనికిరాదు. పొదకూ పొదకూ మధ్య పరిగెత్తను సందుండాల. కొన్ని మేకలు తిరిగితేనే ఆ సందులు ఉంటాయి. మందలు మందలు తోలినా, వంటచెరకని పొదలు మొదలంటా నరికినా పోయింది. జేసీబీ పెడితే ఇంక చెప్పేదేముంది, కలివి పొద మళ్ళీ ఆ ఎత్తు రావాలంటే ఏండ్లు పడతాది.

బద్వేలు_రైతు:
అన్నా, జేసీబీ ఆయనకు ఫోన్ చేసినా. అడ్వాన్సు సగమే తిరిగిస్తానన్నాడు. ఇవ్వనీ. నిమ్మకు రోడ్డు పక్క అర ఎకరా ఉండాది, అక్కడ పొదలు లేవు, దాంతో సరిపెట్టుకుంటా. నాయన ఊరికే గొణుగుతా ఉన్నాడు, అబ్బ మాత్రం ‘ఇన్నాళ్ళకు వచ్చింది, ఉండనీ రా’ అంటున్నాడు. పొద్దున రేంజి ఆఫీసుకు పోతా. సాయంత్రం మన్ను జల్లెడ పట్టాల. ఇసుక కలపొచ్చా, ఉత్త మన్నేనా?

సిద్ధవటం_కాపలా:
ఉత్త మన్నే. రాళ్ళు లేకుండా చూసుకో. తెల్లారకముందే పో, మేకలు తొక్కితే ఏమీ కనపడదు.