బజ్జీల నూనెతో బయోడీజిల్: నీళ్లతో కడిగితే మజ్జిగలా అయిపోయింది, విడిపోవడం లేదు

అరండల్‌పేట రైతు:
అందరికీ నమస్కారం. రాత్రి ఒంటిగంట దాటింది, మొన్న మధ్యాహ్నం నుంచి దీని దగ్గరే కూర్చున్నాను. మిర్చి బజ్జీల బండి దగ్గర వాడిన నూనె 10 లీటర్లు తెచ్చి, వడకట్టి, వేడి చేసి, మిథనాల్, కాస్టిక్ సోడా లెక్క ప్రకారమే కలిపాను. గంటసేపు తిప్పి వదిలేస్తే తెల్లారేసరికి అడుగున నల్లగా గ్లిజరిన్ దిగింది, పైన తేనెరంగులో నూనె తేరింది. ఇంక అయిపోయిందనుకున్నాను. గ్లిజరిన్ తీసేసి నీళ్లు పోసి డబ్బా గట్టిగా ఊపానంతే, మొత్తం చిక్కటి మజ్జిగ అయిపోయింది. ఒక లీటరు సీసాలో తీసి కిటికీలో పెట్టాను. పది గంటల తర్వాత చూస్తే అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు, పైనంతా తెల్లటి మీగడ. వేలితో తాకితే సబ్బులా జారుతోంది. చేలో ఐదు హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్ ఉంది, మిర్చికి తడి పెట్టాలి. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పండి.

ఆటోనగర్ మెకానిక్:
నూనెలో ఆమ్లం ఎంతుందో కొలిచే పరీక్ష, టైట్రేషన్, చేశారా?

అరండల్‌పేట రైతు:
లేదండీ. లీటరుకు మూడున్నర గ్రాముల కాస్టిక్ అని చదివాను, మొత్తం 35 గ్రాములు వేశాను. మిథనాల్ 2 లీటర్లు.

ఆటోనగర్ మెకానిక్:
అది కొత్త నూనె లెక్క.

పటమట అమ్మ:
బాబూ, నీ సమస్యకు నా దగ్గర జవాబు లేదు కానీ ఈ నూనె గురించి ఒక మాట చెప్పాలి. కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తే అందులో చెడు పదార్థాలు పెరుగుతాయి. వాటిని టోటల్ పోలార్ కాంపౌండ్లు అంటారు. అవి 25 శాతం దాటిన నూనె వంటకు పనికిరాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జులై నుంచి నిబంధన పెట్టింది. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు పంపాలని అదే ఏడాది రూకో అనే కార్యక్రమం కూడా మొదలుపెట్టింది. అయినా ఆ నల్ల నూనెలో కొత్త నూనె కలిపి పిల్లలకు బజ్జీలు వేసేవాళ్లు ఉన్నారు. నువ్వు దాన్ని ఇంజన్‌కు తీసుకెళ్తున్నావు, మంచి పని. ఆ బండి అతనికి కూడా ఈ సంగతి చెప్పు.

అరండల్‌పేట రైతు:
చెప్తానమ్మా. ముందు నా డబ్బా సంగతి తేలనివ్వండి.

కెమిస్ట్రీ మాస్టారు:
నూనె పదేపదే మరిగితే, బజ్జీల పిండిలోని తడి కూడా తోడై, అందులో విడి కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. మీరు వేసిన కాస్టిక్‌లో చాలా భాగం వాటితో కలిసి సబ్బు అయిపోయింది. మిగిలింది నూనెను పూర్తిగా బయోడీజిల్‌గా మార్చడానికి చాలలేదు. సగం మారిన నూనె, సబ్బు రెండూ కలిస్తే నీటినీ నూనెనూ పట్టి ఉంచుతాయి, పైగా మీరు గట్టిగా ఊపారు. ఆ మజ్జిగ దాంతోనే వచ్చింది.

టైట్రేషన్‌కు పెద్ద సరంజామా అక్కర్లేదు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ లీటరులో 1 గ్రాము కాస్టిక్ కరిగించండి. వేరే గ్లాసులో 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, అందులో మీ నూనె సరిగ్గా 1 మిల్లీలీటరు కలపండి. రంగు మారి చూపించే ఫినాఫ్తలీన్ దొరక్కపోతే చిటికెడు పసుపు చాలు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. సిరంజితో కాస్టిక్ నీళ్లు కొంచెం కొంచెంగా వేస్తూ, ఎరుపు పావు నిమిషమైనా నిలిచినప్పుడు ఆపండి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టాయో, లీటరు నూనెకు అన్ని గ్రాములు మూడున్నరకు కలపాలి. 3 పడితే ఆరున్నర గ్రాములు, అంటే పది లీటర్లకు 65.

ఇంకో మూడు విషయాలు చెప్పండి. నూనెలో నీళ్లు పూర్తిగా పోగొట్టారా? కాస్టిక్ ఎన్నాళ్ల కిందటిది? ఏ పాత్రలో కలిపారు?

అరండల్‌పేట రైతు:
నూనె గోరువెచ్చగా చేశానండీ, అంతే. కాస్టిక్ ప్యాకెట్ వానాకాలం నుంచి తెరిచే ఉంది, కొంచెం గడ్డకట్టింది. పాత్ర ఇంట్లోని పెద్ద సత్తు తపేలా.

కెమిస్ట్రీ మాస్టారు:
ఇవన్నీ మొదటే చెప్పాల్సింది. సత్తును కాస్టిక్ తినేస్తుంది, హైడ్రోజన్ వస్తుంది. మంట దగ్గరుంటే ప్రమాదం. స్టీలు పాత్ర తీసుకోండి.

కొత్తపేట శ్రోత:
సత్తు అంటే అల్యూమినియం కాదు కదండీ? మా ఇంట్లో కళాయి పూతకు వాడే తగరాన్ని సత్తు అనేవారు.

పటమట అమ్మ:
మా వైపు సత్తు గిన్నె అంటే అల్యూమినియమే. తెలంగాణలో మా చుట్టాలు సీమవెండి అంటారు.

కొత్తపేట శ్రోత:
నిఘంటువులో వేరే అర్థం ఉంది.

కెమిస్ట్రీ మాస్టారు:
నిఘంటువులో ఏ అర్థం ఉన్నా, ఆయన తపేలా అల్యూమినియం అయితే అందులో కాస్టిక్ పోయకూడదు. అదొక్కటి గుర్తుపెట్టుకోండి.

ఆటోనగర్ మెకానిక్:
ఉన్న మజ్జిగ పారబోయకండి. గోరువెచ్చని నీళ్లలో ఉప్పు బాగా కరిగించి నెమ్మదిగా పోయండి, ఊపకండి. ఒక రాత్రి ఉంచితే విడుతుంది. తర్వాత ఉప్పు మిగలకుండా మంచినీళ్లతో మెల్లగా కడగాలి, లేదంటే పంపు, ఇంజెక్టరు తుప్పు పడతాయి. ఆ తర్వాత 3 మిల్లీలీటర్లు తీసి 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో వేయండి. అంతా కలిసిపోతే బాగా మారినట్టు. అడుగున నూనె చుక్క దిగితే మళ్లీ చేయాల్సిందే.

ఇంకోటి. బండి నూనె ఎక్కువగా పామాయిలే ఉంటుంది. దాని బయోడీజిల్ జనవరి తెల్లవారుజామున చిక్కబడొచ్చు. ఆ రోజుల్లో మామూలు డీజిల్ కలిపి వాడండి. పాత రబ్బరు గొట్టాలుంటే మార్చేయండి, మెత్తబడి కారుతాయి.

కెమిస్ట్రీ మాస్టారు:
మళ్లీ చేసే ముందు నూనెను 110 డిగ్రీల దాకా కాచి, చిటపటలు ఆగేవరకు ఉంచండి. మిథనాల్ కలిపేటప్పటికి 55 డిగ్రీలకు దింపాలి, 65 దగ్గర మిథనాల్ మరుగుతుంది. అది వంటింట్లో చేసే పని కాదు. 12 డిగ్రీల వేడికే దాని ఆవిరి మంట అందుకుంటుంది, మన ఊళ్లో అంత చలి చాలా అరుదు. 10 మిల్లీలీటర్లు కడుపులోకి వెళ్తే కంటిచూపు పోవచ్చు. పిల్లలు దగ్గర లేకుండా, ఆరుబయట, చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని చేయండి.

అరండల్‌పేట రైతు:
రెండు రోజులైంది, వచ్చి చెప్దామనుకుంటూనే ఆలస్యం అయింది. ఉప్పు నీళ్లతో ముప్పావు వంతు విడిపోయింది. పసుపుతో టైట్రేషన్ చేస్తే 4 వచ్చింది, అంటే 75 గ్రాములు పడాల్సింది, నేను సగం కూడా వేయలేదు. 27 మిల్లీలీటర్ల పరీక్షలో అడుగున నూనె దిగింది. కొత్త కాస్టిక్, స్టీలు డ్రమ్ము తెచ్చాను, ఆదివారం చేలో మళ్లీ చేస్తాను. థ్యాంక్సండీ మాస్టారూ, మెకానిక్ గారూ.

కొత్తపేట శ్రోత:
ఆ నల్ల గ్లిజరిన్ ఏం చేశారండీ? మా డాబా మీద రెండు డబ్బాలు ఉన్నాయి, కాలవలో పోయడానికి మనసొప్పడం లేదు.